మా పేజీకి మీ ప్రశ్న: ఒకరి ఉత్తరాలు ఇంకొకరు చదివితే

ప్రశ్న: ‘డేంజరస్ లియేజాన్స్’ ఇంగ్లీషు సినిమా చూశానండీ. పనీపాటా లేని ఇద్దరు గొప్పింటివాళ్లు పంతానికి ఆడవాళ్ల బతుకులతో ఆడుకుంటుంటే ఒళ్లు మండింది. దీనికి మూలం పాత ఫ్రెంచి నవలట. సినిమా చూశాక కూడా అది చదవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చదవండమ్మా. నవలలో కథ చెప్పేవాళ్లే ఉండరు. ఉన్నవల్లా 175 ఉత్తరాలు. 47వ ఉత్తరంలో ఆ ఇద్దరిలో మగాడు వాల్మాంట్ తన జోడీ మెర్తెయ్ దొరసానికి రాత్రి తను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాడు: ఎమిలీ అనే వేశ్యనే రాతబల్ల చేసుకుని, తను వలేస్తున్న భక్తురాలు తూర్వెల్‌కి ప్రేమలేఖ రాశానని. 48వది ఆ ప్రేమలేఖే. ‘ఈ బల్లను ఇలా వాడటం ఇదే మొదటిసారి’ అన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. పాపం తూర్వెల్‌కి అది ప్రేమ, మనకి బూతు. నేను పకపకా నవ్వాను. పేజీ తిప్పాక సిగ్గేసింది, నేనెవరి పక్షాన నవ్వానా అని. సినిమాలోనూ ఆ సీనుంది, కానీ అక్కడ తప్పంతా వాళ్లదే. పుస్తకంలో దొంగచాటుగా ఉత్తరాలు చదివేది మనం.

నవల రాసిన లాక్లో అనే ఆయన ఫిరంగి దళంలో ఆఫీసరు. 1782లో మొదట అచ్చేసిన రెండువేల కాపీలూ చూస్తుండగానే అయిపోయాయి. అందరూ తిట్టారు, అందరూ చదివారు. మారీ ఆంత్వానెత్ రాణి దగ్గరున్న కాపీకి అట్ట మీద పేరు లేదంటారు. ఆవిడ్ని నేనేమీ అనలేను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న నా కాపీకి, అత్తగారికి కనబడకుండా, వినాయకుడి క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను, బొమ్మ లోపలికి మడిచి.

ముగింపు విషయంలో మాత్రం నా ఓటు సినిమాకే. నవలలో మెర్తెయ్‌కి మశూచి సోకుతుంది, ఒక కన్ను పోతుంది, కోర్టులో దావా పోతుంది, వజ్రాలు మూటగట్టుకుని హాలండ్ పారిపోతుంది. ఇన్ని శిక్షలా! రచయితకే భయం వేసినట్టుంది. మీరు చూసిన 1988 సినిమాలో మెర్తెయ్ వేషం వేసిన గ్లెన్ క్లోజ్ అద్దం ముందు కూర్చుని ముఖాన రంగు తుడుచుకుంటుంది, అంతే. నాకు ఆ మశూచి కంటే ఇదే ఎక్కువ భయం.

ప్రశ్న: ఇదే కథ మీద ఇంకా ఏ సినిమాలున్నాయి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలానే. 1959లో వదీం తీసిన ఫ్రెంచి సినిమాలో జాన్ మొరో ఉంది. ఫోర్మన్ తీసిన ‘వాల్మాంట్’ 1989లో వచ్చింది, పాపం ఒక్క ఏడాది ఆలస్యంగా. ‘క్రూయెల్ ఇంటెన్షన్స్’లో న్యూయార్క్ డబ్బున్న పిల్లలకి ఈ కథ అంటగట్టారు, నాకు అతకలేదు. కొరియావాళ్లు 2003లో తీసిన ‘అన్‌టోల్డ్ స్కాండల్’ మాత్రం వదలకండి. పరువు పోతే ప్రాణం పోయినట్టే అనుకునే జోసన్ రాజుల కాలపు ఇళ్లలో ఈ కథ పరాయిదనిపించదు.