కార్డు కొనే ముందు డబ్బా మూత తీయండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. కంప్యూటర్‌లో కోర్ ఐ3-10100, హెచ్410 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటి, హార్డ్ డిస్క్ ఉన్నాయి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా 450 వాట్లది, లేబుల్ ఫొటో పంపుతున్నాను. ఆర్టీఎక్స్ 3050 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. తమ్ముడు ఆటలు కూడా ఆడతాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ ఎస్‌ఎంపీఎస్‌తో మాత్రం వద్దు. ఫొటో పంపి మంచి పని చేశారు. పెద్ద అక్షరాల్లో 450 అని ఉన్నా, కింద చిన్న పట్టికలో +12 వోల్టుల గడి చూడండి. 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది దాదాపుగా ఈ గడి మీదే. మీరు చూసిన కార్డుకు 130 వాట్లు, ప్రాసెసర్‌కు 65. అక్కడికే 195 అయింది, ఫ్యాన్లు, హార్డ్ డిస్క్ ఇంకా లెక్కలోకి రాలేదు. చౌక క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ల సంగతి ఇంతే. మిగతా వాట్లు అట్ట మీద ఉంటాయి, తీగల్లో ఉండవు.

పైగా మీ వైపు కరెంటు సంగతి తెలిసిందే. తెల్లవారుజామున చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతుంటే ఇంట్లో ట్యూబులైటు మిణుకుమంటుంది. అలాంటి చోట నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ను అంచుదాకా లాగితే, పోయేటప్పుడు అదొక్కటే పోతుందన్న నమ్మకం లేదు.

మరి దారి? మదర్‌బోర్డు స్లాటు తనంతట తాను 75 వాట్ల వరకు ఇస్తుంది. అందులో సర్దుకునే కార్డయితే విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. 2024లో వచ్చిన 3050 6 జీబీ రకం 70 వాట్లదే. పేరు ఒకటే అయినా 8 జీబీ దానికంటే నెమ్మదైనది. మెమరీ ఒక్కటే తగ్గించారనుకునేరు, లోపల లెక్కలు చేసే కోర్లూ తగ్గాయి. అమ్మేవారు ఆ మాట చెప్పరు. అయినా మీ పెట్టెకు సరిపోయేది అదే. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా కొనగలిగితేనే 8 జీబీ దాని గురించి ఆలోచించండి. చవకని ఆర్‌ఎక్స్ 6400 కార్డు వైపు మాత్రం వెళ్లకండి. అందులో వీడియోను ఎన్‌కోడ్ చేసే, అంటే కుదించి ఫైలుగా మార్చే విభాగమే లేదు. మీ వృత్తికి అది ఉప్పు లేని పప్పు.

ఇంతకీ ఎడిటింగ్ తడబడేది కార్డు లేకేనా? టైమ్‌లైన్ జరుపుతూ టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ నూటికి నూరు చూపిస్తే ముందు హార్డ్ డిస్క్ కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ, ఆపైన రెండో 8 జీబీ ర్యామ్ వేయించండి. ర్యామ్‌లు జంటగా ఉంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కూ ఊపు వస్తుంది, తమ్ముడూ కొంత సంతోషిస్తాడు. ఇంకొక మాట. కొత్త కెమెరాలు రంగుల వివరం ఎక్కువగా ఉంచి తీసే 10 బిట్ 4:2:2 రకం వీడియోను మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సూ, 3050 కార్డూ సొంతంగా విప్పలేవు. అవే ఫైళ్లయితే కార్డు వేసినా తడబాటు పోదు, ప్రాక్సీ ఫైళ్లు, అంటే తేలికపాటి నకళ్లు చేసుకుని కోసుకోవడమే.

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఆన్‌లైన్‌లో సగం ధరకే ఉంది. వెనుక నీలం రంగు వీజీఏ పోర్టు కూడా ఉందట, నా పాత మానిటర్‌కు కుదురుతుంది.

జవాబు: మీకు నచ్చిన ఆ నీలం పోర్టే నాకు అనుమానం. 1050 టీఐ లాంటి ఎన్‌విడియా 10 వరుస చిప్పులు వీజీఏ సంకేతం నేరుగా ఇవ్వవు. జీటీఎస్ 450 లాంటి ముసలి కార్డులోని బయోస్‌ను, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చి, కొత్త పేరు పెట్టి అమ్మేవారు ఉన్నారు. విండోస్ ఆ పేరునే నమ్ముతుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అంత తేలిగ్గా నమ్మదు, ఇలాంటి నకిలీ అయితే పేరు ముందు ఫేక్ అని రాస్తుంది. అసలు 1050 టీఐలో 768 కోర్లు ఉండాలి. వాపసు తీసుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రశ్న: నరసాపురం మాది. కొత్త కార్డు వేయించినా ఆటలు మునుపటిలాగే ఆగి ఆగి నడుస్తున్నాయి.

జవాబు: మానిటర్ తీగ ఎక్కడ గుచ్చారో చూడండి. పైన యూఎస్‌బీల పక్కనున్నది మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టుకు మార్చండి. నవ్వకండి, నేనూ ఒక సాయంత్రమంతా ఇలాగే పోగొట్టుకున్నాను. తీగ కార్డుకే ఉన్నా తేడా లేకపోతే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, మళ్లీ వేయండి. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, వానాకాలం తరువాత కార్డు అసలు కనిపించడం మానేస్తే, ప్లగ్గు తీసేసి కార్డును బయటకు లాగి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు స్లాటులో పడకూడదు.