బ్రూక్నర్ సింఫనీలు రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. దేనితో మొదలుపెట్టాలి?

ఏడోదానితో. ఆస్ట్రియా సంగీతకర్త ఆంటన్ బ్రూక్నర్ (1824–1896)కి పేరు తెచ్చింది కూడా 1884లో లైప్‌జిగ్‌లో తొలిసారి వాయించిన ఈ సింఫనీయే. మొత్తం దాదాపు 65 నిమిషాలు. మొదటి రోజు మొదటి రెండు భాగాలు చాలు.

విసుగు రావడానికి కారణం సాధారణంగా ఒకటే: రెండు ప్రధాన బాణీలు వస్తాయని ఎదురుచూస్తాం, ఈయన మూడు పెడతాడు. ఒక్కోటి తీరిగ్గా పెరిగి, కొన్నిసార్లు హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం పొరపాటు కాదు. ఆయన ఆర్గన్ విద్వాంసుడు, పెద్ద చర్చిలో నాదం చల్లారడానికి సమయం పడుతుందని తెలిసినవాడు.

రెండో భాగంలో నాలుగు వాగ్నర్ ట్యూబాలు (ఊదే ఇత్తడి వాద్యాలు) వినిపిస్తాయి. దాని ముగింపు, 1883లో చనిపోయిన జర్మన్ సంగీతకర్త వాగ్నర్‌కు నివాళి. శిఖరం దగ్గర తాళాల (సింబల్స్) మోత కొన్ని రికార్డింగుల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. నోవాక్ అనే సంపాదకుడి ప్రతిలో ఉంది, హాస్ అనే మరో సంపాదకుడి ప్రతిలో లేదు. మీ రికార్డింగ్ పాడైపోలేదు!

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. మొదట్లో వయొలిన్ల సన్నని వణుకు వినపడక సౌండ్ పెంచుతారు, పది నిమిషాలకు ఇత్తడి వాద్యాలు చెవులు పగలగొడతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెద్ద చోటుకి సరిపడా సౌండ్ పెట్టి, ఇక ముట్టుకోకండి.

తర్వాత నాలుగోది. 1878–80 ప్రతి అని చూసుకుని తీసుకోండి. 1874 నాటి ప్రతిలో మూడో భాగం పూర్తిగా వేరే సంగీతం. సుమారు 80 నిమిషాల ఎనిమిదోది ఆఖరికి ఉంచండి. తొమ్మిదోది మూడు భాగాలతోనే ఆగిపోయింది, నాలుగో భాగం పూర్తికాకుండానే ఆయన పోయాడు.