16 ఫ్లాట్లలో ఇద్దరు కాదంటే పాత అపార్ట్‌మెంట్ పడగొట్టొచ్చా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో 800 గజాల్లో 1994లో కట్టిన అపార్ట్‌మెంట్ మాది. నాలుగంతస్తులు, 16 ఫ్లాట్లు. సెల్లార్‌లో పిల్లర్లు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి. ఓ బిల్డర్ మొత్తం పడగొట్టి 28 ఫ్లాట్లు కట్టి, మాకు 16 ఇస్తానంటున్నాడు. 14 మంది సరేనన్నారు, ఇద్దరు ససేమిరా అంటున్నారు. 51 శాతం ఒప్పుకుంటే చాలని వాట్సాప్‌లో చూశాం. అసోసియేషన్ తరఫున తీర్మానం చేసి సంతకం పెట్టేయొచ్చా?

జవాబు: పెట్టకండి. ఆ 51 శాతం మహారాష్ట్రది. 2019 జులైలో అక్కడి ప్రభుత్వం సహకార హౌసింగ్ సొసైటీల కోసం ఇచ్చిన ఉత్తర్వు అది. తమిళనాడు కూడా 2022 చట్టంలో మూడింట రెండు వంతుల అంగీకారం చాలంది. మన తెలంగాణలో వర్తించే 1987 అపార్ట్‌మెంట్ల చట్టంలో అలాంటి మెజారిటీ సూత్రం లేదు.

అసలు తేడా స్థలం ఎవరి పేరున ఉందన్నది. ముంబైలో చాలాచోట్ల స్థలం సొసైటీదే. మీ దగ్గర ఒక్కొక్కరి సేల్ డీడ్‌లో ఫ్లాటుతోపాటు ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంటుంది. అసోసియేషన్ పేరున ఒక్క గజం కూడా ఉండదు. తనది కాని స్థలాన్ని తీర్మానంతో బిల్డర్‌కు ఎలా రాసిస్తుంది? కాబట్టి 16 వాటాలకూ యజమానుల సంతకాలు కావాల్సిందే.

బిల్డర్‌తో మాట్లాడే ముందు 16 డీడ్లూ తెచ్చి, గజాలు కూడి చూడండి. 800 రావాలి. 765 వచ్చిందనుకోండి, మిగతా 35 గజాలు పాత స్థల యజమాని పేరునో, మొదటి బిల్డర్ పేరునో మిగిలిపోయినట్టే. వాళ్లో, వాళ్ల వారసులో సంతకం పెట్టాలి. చివరి నిమిషంలో బేరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. 1993 నుంచి ఈసీ (ఆ స్థలంపై జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించండి. హోమ్ లోన్ ఉన్న ఫ్లాట్లకు బ్యాంకు ఎన్‌వోసీ కావాలి. యజమాని చనిపోయిన చోట వారసులందరూ సంతకం పెట్టాలి. మైనర్ పేరున ఆస్తి ఉంటే 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి తప్పదు. విదేశాల్లో ఉన్నవారు ఇండియన్ కాన్సులేట్‌లో జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) చేయించి పంపొచ్చు; అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇక ఆ ఇద్దరి సంగతి. వాళ్లకు కావాల్సింది ఏమిటో కాగితం మీద అడిగి తెలుసుకోండి: ఏ అంతస్తు, కార్పెట్ ఏరియా ఎంత, పార్కింగ్ ఎక్కడ, కట్టేదాకా అద్దె ఎవరిస్తారు. ‘అందరికీ సమానంగా’ అని నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. భవనం నిజంగా ప్రమాదంలో ఉంటే 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 456 సెక్షన్ కింద కమిషనర్ బాగు చేయమనో, కూల్చమనో నోటీసు ఇవ్వొచ్చు. కానీ కూల్చినా వాళ్ల గజాలు వాళ్లవే. నోటీసు అడ్డం పెట్టుకుని బెదిరిస్తే కేసు మీ మీదికే వస్తుంది.

అందరూ ఒప్పుకున్నాక బిల్డర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (నిర్మాణ ఒప్పందం, అధికార పత్రం కలిపి) రిజిస్టర్ చేయించాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఎంవోయూ (అవగాహన పత్రం) చేసుకుని ఖాళీ చేస్తే, రేపు కోర్టులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇక రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. మీ స్థలం 669 చదరపు మీటర్లు, అంటే ఆ చట్టం పెట్టిన 500 పరిమితి దాటింది. ఫ్లాట్లూ దాని ఎనిమిది పరిమితి దాటాయి. బిల్డర్ 12 అమ్ముకుంటాడు గనుక రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ‘రీడెవలప్‌మెంట్‌కు అక్కర్లేదు’ అంటే నమ్మకండి, ఆ మినహాయింపు అమ్మకాలు లేనప్పుడే.

జీపీఏలో ఒక వాక్యం వెతకండి: ‘మొత్తం స్థలాన్ని తాకట్టు పెట్టే అధికారం’. దాన్ని కొట్టేయించి, బిల్డర్ వాటాకే పరిమితం చేయించండి. పర్మిషన్‌కు కార్పొరేషన్ తన దగ్గర తాకట్టు పెట్టించుకునే 10 శాతం నిర్మాణం కూడా బిల్డర్ వాటాలోంచే పోవాలని రాయించండి. పర్మిషన్, రెరా నంబర్ రెండూ వచ్చాకే ఇళ్లు ఖాళీ చేయాలి. కొత్త ఫ్లాటు తాళాలు ఇచ్చిన రోజు వరకు కాదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) వచ్చేదాకా బిల్డర్ అద్దె ఇవ్వాలి.

ఇవన్నీ తేలేసరికి ఒకటి రెండు వానాకాలాలు గడిచిపోతాయి. సెల్లార్ పిల్లర్లు అంతవరకు ఆగవు. మరమ్మతులకు 16 సంతకాలు అక్కర్లేదు. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) ప్రకారం జనరల్ బాడీ తీర్మానం చాలు. పిల్లర్లు ఉమ్మడివి కాబట్టి పై అంతస్తు వాళ్లూ వాటా కట్టాలి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్షలు చేయించి రిపోర్టు తీసుకోండి. మేస్త్రీ తుప్పు గీకకుండా పైన సిమెంటు మెత్తితే మాత్రం ఒప్పుకోవద్దు. లోపల తుప్పు ఉబ్బుతూనే ఉండి, మళ్లీ వానలకు అదే చోట పెచ్చు రాలుతుంది.