ఆయిస్టర్స్ రాక్‌ఫెల్లర్: నీళ్లెందుకు, ఆ పేరెందుకు

ఆయిస్టర్లను (సముద్రపు గుల్లలను) చిప్పల్లోనే ఉంచి, పైన ఆకుకూర, వెన్న సాస్ వేసి ఓవెన్‌లో చేసే వంటకం ఆయిస్టర్స్ రాక్‌ఫెల్లర్. పాలకూరతో చేస్తే అది నీళ్లోడుతోందని, అసలు ఆ పేరెందుకని అడిగారు కదండీ. ఉడికిన పాలకూరను చల్లారాక గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండండి, చుక్క కూడా మిగలకూడదు. ట్రేలో రాళ్ల ఉప్పు మందంగా పరిచి చిప్పలు అందులో కుదురుగా పెడితే ఒరగవు, వెన్న కారిపోదు. ఆయిస్టర్ అంచులు ముడుచుకోగానే తీసేయండి, ఆలస్యమైతే రబ్బరులా సాగుతుంది.

19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఆంట్వాన్స్ రెస్టారెంట్‌లో జూల్స్ అల్సియాటోర్ దీన్ని తయారుచేశారు. యూరప్ నత్తలకు కొరత వస్తే వాటి బదులు ఆయిస్టర్లు వాడారట. సాస్ అంత రిచ్‌గా ఉందని చమురు కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ పేరు పెట్టారు. అసలు రెసిపీ ఇప్పటికీ రహస్యమే, కానీ అందులో పాలకూర లేదని ఆ రెస్టారెంట్ వాళ్లే చెబుతారు! ఈసారి పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు), ఉల్లికాడలతో చేసి చూడండి, నీళ్ల టెన్షనే ఉండదు.