మేనల్లుడికి, సరుకు నంబర్ల గురించి

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతి రెండు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై మందితో నడుస్తున్న నీ ఛార్జింగ్ కేబుళ్ల యూనిట్‌కు శ్రీసిటీ వైపు నుంచి పెద్ద ఆర్డరు వచ్చే సూచన ఉందనీ, అయితే సరుకు కంటే ముందే దాని వివరాలు తాము చెప్పిన పద్ధతిలో అందాలని కొనేవారు షరతు పెట్టారనీ, అందుకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేలడం లేదనీ అన్నావు. గవర్నరుపేటలో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు, సెల్‌ఫోన్ల పంపిణీ చూసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది ముందే చెబుతాను. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు నీ దగ్గరున్న ప్రతి వస్తువుకూ ఒకే ఒక్క నంబరు ఉండేలా చూడు. ఆ నంబరు నువ్వు సొంతంగా పెట్టుకున్నది కాకుండా, కొనేవారూ అమ్మేవారూ అందరూ ఒప్పుకున్న పద్ధతిలో తీసుకున్నదై ఉండాలి.

ఈ మాట నాకు నష్టపోయాక తెలిసింది. 2009లో మేము పంపిణీ చేసిన ఒక రకం అడాప్టరు వేడెక్కి, పైడొప్ప మెత్తబడుతోందని తెనాలి నుంచీ చీరాల నుంచీ ఫిర్యాదులు వచ్చాయి. తయారు చేసినవారిని అడిగితే ఒకే లాటులో లోపం జరిగిందనీ, అది ఐదారు వందల పీసులకు మించదనీ ఒప్పుకున్నారు. ఆ ఐదారు వందలు ఏ ఏ దుకాణాలకు వెళ్లాయో మాత్రం మాలో ఎవ్వరమూ చెప్పలేకపోయాం. ఫ్యాక్టరీ కాగితాల్లో దానికి డ్రాయింగు నంబరు ఉంది, మా గోదాము రిజిస్టరులో అది ‘నలుపు అడాప్టరు, చిన్న పిన్ను’, బిల్లులో ఉత్త ‘ఛార్జరు’, దుకాణదారుల నోట ఒక ఫోను కంపెనీ పేరు. బిల్లు మీద లాటు నంబరు వేసే అలవాటే మాకు లేదు. చివరికి రెండు జిల్లాల నుంచి నాలుగు వేలకు పైగా పీసులు వెనక్కి తెప్పించాం, వాటిలో ఎక్కువ భాగం ఏ దోషమూ లేని సరుకే. రాత్రిళ్లు గోదాములో కూర్చుని ఒక్కొక్క డబ్బా విప్పి, పిన్నుల పక్కన అచ్చువేసిన ఆవగింజంత అంకెలను భూతద్దం పెట్టి చదివాను. లాటు నంబరు మొదటి నుంచీ అక్కడే ఉంది. మేమే దాన్ని ఎక్కడా రాసుకోలేదు. మన మిర్చి యార్డులో ఎవరి టిక్కీలు ఏ లాటులో ఉన్నాయో తేలకుండా కాటా వేయరు కదా (టిక్కీ అంటే మిర్చి బస్తా), అంతపాటి జాగ్రత్త కూడా మేము కరెంటుతో నడిచే వస్తువు విషయంలో తీసుకోలేదు.

అందువల్ల మొదట బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియాలో సభ్యత్వం తీసుకో. మన దేశంలో వారిచ్చే నంబర్లు 890తో మొదలవుతాయి. తక్కువ ధరకు బార్‌కోడ్ నంబర్లు ఇస్తామనే వెబ్‌సైట్ల జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే ఆ నంబరు మరో కంపెనీ పేరున ఉంటే పెద్ద కొనుగోలుదారు తన జాబితాలో సరిచూసుకున్న రోజున నీ మాటకు విలువ ఉండదు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది ఇప్పటి తరహా బార్‌కోడ్‌ను మొదటిసారి దుకాణంలో స్కాన్ చేశారు. ఆనాటి నుంచి బార్‌కోడ్ నంబరుకు చివర, తప్పు కొడితే పట్టిచ్చే ఒక కాపలా అంకె ఉంటూనే ఉంది. అది ఎలా పనిచేస్తుందో నీ స్టోరులో పనిచేసేవారికి ఒకసారి కాగితం మీద వేసి చూపించు. ఉదాహరణకు 8901234567890 అనే నంబరు తీసుకుందాం. మొదటి 12 అంకెల్లో బేసి స్థానాల్లోని 8, 0, 2, 4, 6, 8 కూడితే 28 వస్తుంది. సరి స్థానాల్లోని 9, 1, 3, 5, 7, 9 కూడితే 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపితే 130, పదితో సరిగ్గా భాగం పోతుంది కాబట్టి చివరి అంకె సున్నా. ఎవరైనా తొందరలో 12ను 21గా కొట్టారనుకో, మొత్తం 132 అయి చివర 8 ఉండాల్సి వస్తుంది, సున్నా కనబడగానే కంప్యూటరు తప్పని చెప్పేస్తుంది. ‘నలుపు కేబులు, ఒక మీటరు’ అని రాసుకుంటే ఇలా చెప్పే దిక్కు ఉండదు.

వస్తువు నంబరు కుదిరాక కార్టను మీద లాటు నంబరు, కార్టనుకే ప్రత్యేకమైన 18 అంకెల నంబరు వేయాలి. వీటిని బార్‌కోడులో ఏ గుర్తు వెనుక ఏది రాయాలో కూడా ప్రమాణం ఉంది. 10 తర్వాత లాటు, 00 తర్వాత కార్టను నంబరు వస్తాయి. ఒక్కొక్క కొనుగోలుదారు తన పార్టు నంబరు అంటించమంటాడు, అంటించు. కానీ నీ నంబరును ఆధారంగా ఉంచుకుని, దాని ఎదురుగా వారి వారి నంబర్లు ఒక పట్టికలో రాసుకో. ముగ్గురు కొనుగోలుదారుల కోసం ఒకే కేబులుకు మూడు పేర్లు పెడితే నా గోదాము కథే నీకూ ఎదురవుతుంది.

ఇక కాగితాల సంగతి. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఈ చిక్కును చాలా ముందే గుర్తించి, కంపెనీల కంప్యూటర్లు ఆర్డర్లు, బిల్లులు ఒకే తీరులో ఇచ్చిపుచ్చుకునేలా 1998లో రోసెటానెట్ అనే ఉమ్మడి పద్ధతిని మొదలుపెట్టింది. అందులో కొనుగోలు ఆర్డరుకు 3ఏ4, సరుకు బయలుదేరిందని ముందుగా తెలిపే సమాచారానికి 3బీ2, ఇన్వాయిసుకు 3సీ3 అని ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంభాషణ నిర్దేశించారు. ఎవరు ఏం పంపాలో, అవతలివారు ఏమని బదులివ్వాలో అందులోనే ఉంటుంది. మీ కొనుగోలుదారు ఏ పద్ధతి వాడుతున్నారో, వాటిలో ఏ సమాచారాలు తప్పనిసరో, చిన్న సరఫరాదారులు నేరుగా నింపే వెబ్ పోర్టల్ ఉందో లేదో ఉత్తరం రాసి అడుగు. నా అభిప్రాయంలో అన్నిటికంటే ముందు సరుకు బయలుదేరే సమాచారం సరిగ్గా పంపడం నేర్చుకోవాలి. లారీ కంటే ముందు ఆ వివరాలు చేరితే అక్కడివారు దింపుకునే చోటు సిద్ధం చేసుకుంటారు, కార్టను నంబర్లు స్కాన్ చేసి సరిపోల్చుకుంటారు, తగ్గిందనీ మారిందనీ ఆ తర్వాత నెలరోజులు సాగే తగవు ఉండదు.

ఇది పెద్దవాళ్ల వ్యవహారమని వెనకాడకు. జీఎస్టీ ఈ-ఇన్వాయిసు మనకు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకో. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలై, మెట్టు మెట్టుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారికి వచ్చింది. అందరిదీ ఒకే నమూనా కావడం వల్లనే మామూలు అకౌంటింగు ప్యాకేజీలు కూడా దాన్ని తయారు చేయగలుగుతున్నాయి.

కేబుళ్లు చేసేవాడివి గనుక పదార్థాల వివరాల దగ్గర మరింత శ్రద్ధ పెట్టు. 2001 చివర నెదర్లాండ్స్‌లో సోనీ గేమింగ్ కన్సోళ్ల సరుకు ఆగిపోయింది. కారణం కన్సోలు కాదు, దాని వైర్లలో పరిమితి దాటిన కాడ్మియం అనే విష లోహం. వైరు చేసినవాడి దగ్గర జరిగిన పొరపాటు అంత పెద్ద కంపెనీ సరుకును ఆపేసింది. ఐరోపా నిబంధనలు 2006 జూలై 1 నుంచి సీసాన్ని 0.1 శాతానికీ, కాడ్మియంను 0.01 శాతానికీ పరిమితం చేశాయి. 2019 జూలై 22 నుంచి పీవీసీని మెత్తబరిచే నాలుగు రకాల థాలేట్లనూ చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో అదే తీరున కట్టడి చేశాయి. ఈ శాతాలు మొత్తం కేబులు బరువు మీద కాదు, పైతొడుగు, సోల్డరు వంటి ఒక్కొక్క పదార్థం మీద విడివిడిగా లెక్కిస్తారు. నీకు పీవీసీ గింజలు అమ్మే వ్యాపారి నోటిమాటగా ఇచ్చే హామీ దీనికి చాలదు. లాటు లాటుకూ ప్రకటన తీసుకో, దాన్ని పదార్థాల ప్రకటనకు పరిశ్రమ వాడే ఐపీసీ-1752 నమూనాలో అందించగలిగేలా భద్రపరుచుకో, అది చేతికి రానిదే నువ్వు ఎవరికీ సంతకం చేసి ఇవ్వవద్దు. సరఫరాదారు విసుక్కున్నా సరే, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

మరో సంగతి. నీ స్టోరు చూసే పెద్దాయనకు ఏ రీలు ఎక్కడుందో, ఏ కనెక్టరు దేనికి సరిపోతుందో కంఠతా వచ్చని చెప్పావు. నంబర్లు వస్తే తన అవసరం తీరిపోతుందేమోనని ఆయన లోలోపల బాధపడవచ్చు. అందుకే జాబితాను ఆయన పక్కన కూర్చుని ఆయన చేతే రాయించు. ఒకే వస్తువుకు ఎన్ని పేర్లు తిరుగుతున్నాయో ఆయనకు తెలిసినంతగా నీకు కూడా తెలియదు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ఎక్కువగా కదిలే ఇరవై రకాలతో, ఒకే కొనుగోలుదారుతో మూడు నెలలు నడిపి చూడు. వచ్చే ఆదివారం అమ్మను తీసుకుని ఇంటికి రా. వచ్చేటప్పుడు ఆ ఇరవై రకాల పీసులు ఒక్కొక్కటి, వాటి పాత బిల్లులు, స్టోరు రిజిస్టరు వెంట తెచ్చుకో. భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని మొదటి పట్టిక రాద్దాం.

ఇట్లు,
మీ మావయ్య