టర్బైన్ ప్యానెల్ దగ్గరున్న కొడుకుని అమీర్‌పేట పంపాలా?

పాల్వంచ నుంచి ఒక నాన్నగారు రాశారు. కొడుకు ఈఐఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) బీటెక్ అయ్యి, ఒక థర్మల్ ప్లాంట్‌లో కాంట్రాక్టర్ కింద సి అండ్ ఐ, అంటే కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ మెయింటెనెన్స్‌లో చేరి ఎనిమిది నెలలు. టర్బైన్ కంట్రోల్ ప్యానెల్‌లో డిజిటల్ అవుట్‌పుట్ కార్డులు, అంటే కంట్రోలర్ ఆర్డర్‌ని ఆన్, ఆఫ్‌గా బయటికి పంపే కార్డులు, చూస్తాడట. "ఆన్, ఆఫ్ తప్ప ఏం లేదంటాడు, స్విచ్ వెయ్యడానికి ఇంజనీరింగ్ ఎందుకండీ? మాన్పించి అమీర్‌పేటలో ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సులో చేర్చనా? ఫీజు లక్షన్నర, జాబ్ గ్యారంటీ అంటున్నారు, నెలాఖరులోపు కట్టాలట. రెండూ పోల్చి చెప్పండి" అని.

సార్, ఇదే ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది, ఒకసారి పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మిషన్లని నడిపే చిన్న కంప్యూటర్) అంటారు, ఒకసారి సబ్‌స్టేషన్ అంటారు, అంతే తేడా. లోపల ఉన్న బాధ మాత్రం ఒకటే, పెళ్ళిలో ఎవరైనా మీవాడేం చేస్తున్నాడని అడిగితే ఒక్క ముక్కలో చెప్పుకోడానికి మాట లేదు. సాఫ్ట్‌వేర్ అంటే అయిపోతుంది, దీనికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట నేను చెప్తా, కౌన్సెలింగ్‌లోకి రాకముందు తొమ్మిదేళ్ళు నేనూ ఆ పనే చేశా.

కార్డు చేసేది ఆన్ ఆఫే, కరెక్టే. మన గ్రిడ్ 50 హెర్ట్జ్, థర్మల్ యూనిట్‌లో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, లోడ్ ఒక్కసారిగా పోతే స్పీడ్ లేస్తుంది, 3300 దగ్గర ట్రిప్ అయి తీరాలి, అంటే దానంతటదే ఆగిపోవాలి, లేకపోతే బ్లేళ్ళు ఎగిరిపోతాయి. కంట్రోలర్ ఎన్ని లెక్కలు కట్టినా చివరికి ఆ మాట బయటికొచ్చేది ఇలాంటి కార్డు మీది రిలే, అంటే కరెంట్‌తో పనిచేసే చిన్న స్విచ్, నుంచే. తమాషా ఏంటంటే ట్రిప్ చెయ్యడానికి కరెంట్ ఇవ్వరు, తీసేస్తారు. ట్రిప్ సోలినాయిడ్‌కి, అంటే వాల్వ్‌ని కదిపే అయస్కాంతపు కాయిల్‌కి, మామూలుగా ఎప్పుడూ కరెంట్ ఉంటుంది, వైరు తెగినా సప్లై పోయినా మిషన్ ఆగే వైపే పడుతుంది. మరి ఒక రిలే చెడితే యూనిట్ ఊరికే పడిపోదా అంటే, అందుకే మూడు ఛానెళ్ళు పెట్టి మూడింట్లో రెండు ఒప్పుకుంటేనే ట్రిప్ అంటారు. ఆఫ్ అయితే ఏం జరగాలి అని ముందే కూర్చుని ఆలోచించడం స్విచ్ వెయ్యడం కాదు కదా సార్.

నేను చేరిన కొత్తలో ఒక రాత్రి డ్రెయిన్ వాల్వ్ తెరుచుకోలేదు. స్క్రీన్ మీద కమాండ్ వెళ్ళింది, కార్డు మీద ఎల్‌ఈడీ వెలుగుతోంది, నేను వాల్వ్‌ని తిట్టుకుంటూ నిలబడ్డా. మా సీనియర్ టెక్నీషియన్, ఐటీఐ చదివినాయన, వచ్చి స్క్రూడ్రైవర్ మొన సోలినాయిడ్ కాయిల్ నట్టు దగ్గర పెట్టాడు. కాయిల్‌కి కరెంట్ ఉంటే మొనని లాగాలి, లాగలేదు. ప్యానెల్‌కి వెనక్కొచ్చి టెర్మినల్ బోర్డు మీద ఫ్యూజు తీసి చూపించాడు, కొట్టేసింది. ఆ ఎల్‌ఈడీ చెప్పేది రిలేకి ఆర్డర్ వచ్చిందని, ఫీల్డ్‌కి కరెంట్ చేరిందని కాదు. కొత్త ఫ్యూజూ కొట్టేసింది, కేబుల్ వేడి పైపుకి ఆనుకుని ఇన్సులేషన్ కరిగిపోయిందని కనిపెట్టేసరికి తెల్లారింది.

ఇక డేటా సైన్స్. సబ్జెక్ట్ చెడ్డదని అనను, లెక్కలు ఇష్టమైన పిల్లలకి మంచిదే. నా అనుమానమంతా ఈ ఆర్నెల్ల కోర్సుల మీద. నా దగ్గరికొచ్చే రెజ్యూమెల్లో అదే టైటానిక్ ప్రయాణికుల డేటా, అదే ఇళ్ళ ధరల ప్రాజెక్టు, పేరొక్కటే మారుతుంది. పైగా ఫ్రెషర్లు రాసే చిన్న చిన్న కోడ్ ఇప్పుడు ఏఐ రాసేస్తోంది, రెండేళ్ళ తర్వాత ఆ మొదటి మెట్టు ఉద్యోగాలు ఎన్నుంటాయో నాకైతే ధైర్యం చాలట్లేదు. గ్యారంటీ అన్నవాణ్ణి ఒక్కటి అడగండి, జాబ్ రాకపోతే ఫీజు తిరిగిస్తానని కాగితం మీద సంతకం పెడతాడా?

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారు, మీవాడు మానేస్తానన్నాడా లేదా అనేది ఒక్క లైను లేదు. ఎనిమిది నెలలుగా నైట్ షిఫ్టులు చేస్తున్న కుర్రాణ్ణి అడక్కుండా సీటు బుక్ చేస్తారా? వాడేమన్నా ఇంటర్ పిల్లాడా?

పోలిక అడిగారు కాబట్టి, మొదట్లో జీతం తక్కువే, కాంట్రాక్టర్ దగ్గర ఇంకా తక్కువ, ఓవర్‌హాల్ టైంలో పండగలుండవు. గోదావరి జిల్లాల్లో గ్యాస్ అందక టర్బైన్ ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డం చూశాం, అందుకే ఒక్క ప్లాంట్‌నే నమ్ముకోమనను. కానీ టర్బైన్లు చక్కెర ఫ్యాక్టరీల్లో ఉన్నాయి, సిమెంట్‌లో, స్టీల్ ప్లాంట్‌లో, రిఫైనరీల్లో ఉన్నాయి, గల్ఫ్‌లోనూ ఉన్నాయి. రెండు మూడేళ్ళు నిలబడి లాజిక్ డ్రాయింగ్ (ఏది జరిగితే ఏది ఆన్ అవ్వాలో చూపే బొమ్మ) చూసి తప్పు పట్టుకోగలిగితే కమిషనింగ్, అంటే కొత్త ప్లాంట్లని పరీక్షించి మొదలుపెట్టే పని, వైపు వెళ్ళొచ్చు. పైథాన్ కావాలంటే సెలవు రోజుల్లో నేర్చుకోమనండి, ప్లాంట్ ట్రెండ్ డేటా (స్పీడ్, వేడి లాంటివి టైంతో ఎలా మారాయో రికార్డు) మీదే ప్రాక్టీస్ చేసుకుంటాడు, టైటానిక్ కన్నా నయం.

నెలాఖరుకి ఫీజు మాత్రం కట్టకండి. దాని బదులు వాడి పేస్లిప్ తెప్పించుకుని పీఎఫ్ కట్ అవుతోందా, కట్ అయింది అకౌంట్‌లో పడుతోందా చూడండి, కాంట్రాక్టర్ దగ్గర మీరు భయపడాల్సింది అక్కడ. ఫోన్ మాత్రం సాయంత్రం చెయ్యండి, నైట్ షిఫ్ట్ అయితే పొద్దున పడుకుంటాడు.