జ్ఞానోపదేశం పీరియడ్లు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఒక క్యాథలిక్ కాన్వెంటులో పదో తరగతి చదువుతోంది. మాదీ క్యాథలిక్ కుటుంబమే. వారానికి రెండు జ్ఞానోపదేశం (క్యాథలిక్ మతబోధ) పీరియడ్లు ఉన్నాయి, వాటికి పబ్లిక్ పరీక్షలో మార్కులు లేవు. పక్కింటివారు వాళ్ల అబ్బాయిని ఐఐటీ ఫౌండేషన్ ఉన్న రెసిడెన్షియల్ క్యాంపస్‌లో చేర్చారు. మా పాప మాత్రం బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలూ ముందు పెట్టుకుని తేడాలు నోట్సు రాసుకుంటోంది, మతాల గురించే పైచదువు చదువుతానంటోంది. లెక్కలంటే విసుక్కుంటోంది. ఆ పీరియడ్లు మాన్పించమని ప్రిన్సిపల్ సిస్టరు గారిని అడగవచ్చా? ఫౌండేషన్ మేలా, ఇది మేలా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, అడగవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరు విద్యార్థి మతబోధకు హాజరు కావాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో క్లాజు చెబుతోంది, కనుక ఆ హక్కు మీదే. అయితే దసరా తరువాత నుంచి పరీక్షల వరకు ఇరవై వారాలనుకున్నా, నలభై నిమిషాల పీరియడ్లు రెండు చొప్పున లెక్కవేస్తే మొత్తం 27 గంటలు దాటవు. ఆ కాస్త సమయం కోసం మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారని నేను అనుకోను. పాప మఠంలో చేరిపోతుందేమోనన్న బెంగ మీ ఉత్తరంలో పైకి చెప్పకుండానే కనిపిస్తోంది. గుణదల నుంచి, ఫిరంగిపురం నుంచి ఇదే బెంగతో నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వారిలో ఒక్కరూ ఆ మాట మొదట చెప్పలేదు, మార్కుల గురించే అడిగారు.

అందుచేత ముందు ఆ సంగతి చెబుతాను. తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం 17 ఏళ్లు నిండనిదే ఎవరినీ నోవిషియేట్‌లోకి, అంటే మఠంలోని తొలి శిక్షణ దశలోకి, తీసుకోకూడదు. అక్కడ కనీసం ఏడాది గడపాలి. 18 నిండాకే మొదటి మాటపట్టు (సన్యాస వ్రతం), అదీ తాత్కాలికంగా, కనీసం మూడేళ్లకు. నిత్య మాటపట్టుకు 21 నిండాలి. ఇన్ని మెట్లు పెట్టింది తొందరపాటును ఆపడానికే. పదిహేనేళ్ల పిల్ల సువార్తలు చదువుతోందని మీరు ఇప్పుడే భయపడవలసిన పని లేదు. పైగా మతం గురించి చదవాలనుకోవడం వేరు, సన్యాస జీవితం కోరుకోవడం వేరు. మీ అమ్మాయి మొదటిది చెప్పింది, మీరు రెండోది విన్నారు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ఆ నోట్సులో ఏముందో మీరు ఒక్కసారైనా తెరిచి చూశారా? యేసు జననం గురించి మత్తయి, లూకా రాశారు. మార్కు, యోహాను రాయలేదు. ఎందుకు రాయలేదని ఒక పిల్ల తనంతట తాను ఆలోచిస్తూ, నాలుగు పాఠాలు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ ఉంటే, చరిత్రకారులూ న్యాయవాదులూ ఏళ్ల తరబడి నేర్చుకునే పనిని ఆమె ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టిందన్నమాట. అది చూసి సంతోషించవలసిన మీరు పక్కింటి అబ్బాయితో పోల్చి కుంగిపోతున్నారు, పాప కూడా ఆ కుంగుబాటును గమనిస్తూనే ఉంటుంది.

ఫౌండేషన్ విషయంలో నాకు చాలాకాలంగా అనుమానాలున్నాయి. జేఈఈ ప్రశ్నలు ఇంటర్మీడియట్ రెండేళ్ల పాఠాల నుంచి వస్తాయి. పదో తరగతి లెక్కలు గట్టిపడకముందే ఆ పాఠాలను పిల్లల మీదికి తేవడం వల్ల ఇదీ అదీ రెండూ సగం సగంగా మిగిలిపోవడం నేను పదే పదే చూశాను. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవారు సుమారు 1.8 లక్షల మంది, ఐఐటీల్లో సీట్లు 17,740. ఆ పోటీని ఇష్టపడి ఎంచుకున్న పిల్లలకు అది మంచి దారే, వారిని నేను ఎన్నడూ ఆపలేదు. పెద్దల బలవంతం మీద హాస్టలుకు వెళ్లి, మొదటి నెలలోనే మాటలు తగ్గించేసి, సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని మొండికేసిన పిల్లల గురించి మాత్రం నాకు బాధ ఉంది. వారి తల్లిదండ్రులు కూడా మీలాగే పిల్లల మేలు కోరినవారే. లెక్కలంటే విసుక్కునే అమ్మాయిని అదీ విద్యా సంవత్సరం మధ్యలో అక్కడికి పంపడం నాకు సుతరామూ సమ్మతం కాదు.

మతాల అధ్యయనానికి పైన దారులు లేకపోలేదు. మీ ఊరి పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది; మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కులకు నైతికత పేపరు ఉంది, తత్వశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుంటే అందులో మత తత్వశాస్త్రమూ ఉంటుంది. అయితే బోధన, పరిశోధన ఉద్యోగాలు తక్కువ, చేతికి జీతం రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ మాట మీ అమ్మాయికీ దాచకుండా చెప్పండి. ఇంటర్‌లో చరిత్ర ఉన్న గ్రూపు తీసుకుంటే ఈ దారితోపాటు న్యాయవిద్య, ఉపాధ్యాయ వృత్తి వంటివీ తెరిచే ఉంటాయి.

చాలా బడుల్లో సంక్రాంతి తరువాత జ్ఞానోపదేశం పీరియడ్లను రివిజనుకు ఇచ్చేస్తారు. నాకది నచ్చదు గాని, మీ కోరిక అలాగైనా తీరుతుంది కాబట్టి సిస్టరు గారికి ఇప్పుడు ఉత్తరం రాయకండి. ఈ ఆదివారం పూజ నుంచి వచ్చాక ఆ నోట్సు చూపించమని పాపను అడగండి, చదివి వినిపించమనండి. లెక్కల సంగతి మరునాడు మాట్లాడవచ్చు: ఏ అధ్యాయం దగ్గర ఆగిపోయిందో కనుక్కుని, బడిలోని లెక్కల టీచరుతో రోజుకు అరగంట ఏర్పాటు చేయండి. గ్రూపు ఎంపిక ఫలితాలు వచ్చాక చూసుకుందాం; అప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గరకు రండి.